పేర్ల బేరంలో దిగే విలేకరులు

పామూరు: పత్రికా రంగం విడిచి మరో ఆధారం వెతుక్కునేవారి నోట ఈ మధ్య ఒక కొత్త సరుకు మాట వినిపిస్తున్నది. అది డొమైన్ పేరు, అంటే వెబ్‌సైటు చిరునామా. పేరును ముందుగా నమోదు చేసి పెట్టుకొని, కావలసినవారికి అధిక ధరకు అమ్మడమే ఈ వ్యాపారం. 2020లో కరోనా దెబ్బకు జిల్లా పేజీలు కుదించుకుపోయిన తరువాత మండల విలేకరుల రాబడి తగ్గిన మాట వాస్తవం. కనుక ఈ మొగ్గును తప్పు పట్టలేము. అయితే పొగాకు, కంది, బత్తాయి బేరాలు చూచిన కంటితో ఈ సరుకును కూడా ఒకసారి చూడవలసి ఉన్నది.

ఆశ పుట్టించే ఉదాహరణ ఒకటి అందరూ చెబుతారు. అమెరికాలో పత్రికలు నడిపిన మార్క్ ఆస్ట్రోఫ్‌స్కీ 1997లో బిజినెస్.కామ్ పేరును లక్షన్నర డాలర్లకు కొని, 1999లో 75 లక్షల డాలర్లకు అమ్మాడు. ఆయన కొనడమే లక్షన్నరకు కొన్నాడన్న సంగతి మాత్రం చెప్పేవారు మరచిపోతారు. జాషువా క్విట్నర్ అనే విలేకరి 1994లో మెక్‌డొనాల్డ్స్ పేరు నమోదు చేసుకొని, దానిపై కథనం రాశాడు. చివరకు ఒక బ్రూక్లిన్ పాఠశాలకు ఆ సంస్థ 3,500 డాలర్లు ఇవ్వగా పేరు తిరిగి అప్పగించాడు. విలేకరికి మిగిలింది కథనమే.

పొగాకు బోర్డు ఆంధ్రలో 1985లో వేలం ప్రారంభించినప్పటి నుంచి రైతుకు ఒక సౌకర్యం ఏర్పడింది. కనిగిరిలో గానీ పొదిలిలో గానీ పక్క బేలు ఎంత పలికిందో కళ్ళారా చూడవచ్చు. ధర నచ్చకపోతే తన బేలును మరో రోజుకు ఆపుకోవచ్చు. డొమైన్ పేర్లకు కూడా ఇంటర్నెట్‌లో వేలాలు లేకపోలేదు. కాని ఏ పేరుకు ఆ పేరే వేరు సరుకు. పక్కదాని ధర దీనికి వర్తించదు. చాలా పేర్లకు ప్రపంచం మొత్తంమీద కొనదగిన మనిషి ఒక్కడే ఉంటాడు, ఆ ఒక్కడూ ఇంకా దుకాణం తెరచి ఉండకపోవచ్చు.

నిల్వ ఖర్చు మరో సంగతి. గోదాము అక్కరలేదు గాని ఏటా రుసుము తప్పదు. కామ్ పేరు ఒక్కింటికి వెయ్యి రూపాయలు దాటుతుంది. 200 పేర్లు పెట్టుకున్నవాడు ఒక్కటీ అమ్ముడుపోకపోయినా ఏటా రెండు లక్షల పైచిలుకు చెల్లించాలి. గడువు దాటిన పేరు పేరుదారు చేతి నుంచి జారిపోతుంది. విడిపించుకోవాలంటే అపరాధ రుసుము కట్టాలి. కందులు నిల్వ పెట్టి నష్టపోయినవాడు వండుకొనైనా తింటాడు. పామూరు, పెదచెర్లోపల్లి మండలాల్లో నిమ్జ్ పారిశ్రామిక మండలి వస్తుందన్న మాట నమ్మి పొలం కొన్నవారికి కనీసం పొలం మిగిలింది.

తెలుగు మాటలతో మరొక చిక్కు ఉన్నది. బత్తాయిని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలంటే ఒక టీ వేయాలా, రెండు వేయాలా, హెచ్ చేర్చాలా, చివర వై పెట్టాలా అన్నది ఎవరి ఇష్టం వారిది. మీరు ఒక విధంగా నమోదు చేస్తే కొనుగోలుదారు మరో విధంగా రాసుకొని రుసుముతోనే పని ముగించుకుంటాడు. భాష తెలిసిన విలేకరికి మాటల ఎంపికలో నేర్పు ఉండవచ్చు గాని, ఆ నేర్పుకు ఇక్కడ ధర రావడం కష్టం.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ఇతరుల పేరుపై ఆశ పడటం. సత్యం ఇన్ఫోవే సంస్థ తన సిఫీ పేరుకు ఒక్క అక్షరం తేడాతో ఉన్న పేరుపై వేసిన వ్యాజ్యంలో, వ్యాపార చిహ్నానికి ఉన్నట్టి రక్షణ డొమైన్ పేరుకూ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పింది. జియోహాట్‌స్టార్ పేరును 2023లోనే నమోదు చేసుకున్న ఢిల్లీ యువకుడు 2024 అక్టోబరులో తన కేంబ్రిడ్జి చదువు ఖర్చు కోరగా రిలయన్స్ ఒప్పుకోలేదు. విలేకరికి ఈ ప్రలోభం మరింత ఎక్కువ. కొత్త సంస్థ, కొత్త పథకం సంగతి ముందుగా తెలిసేది అతనికే. వార్త అచ్చు కాకముందే ఆ పేరు రాయించుకోవడం, గోదాము తాళంచెవి ఉన్న గుమాస్తా రాత్రికి రాత్రి సరుకు తరలించుకోవడం వంటిదే. ఈ మాట సాటివారికి రుచించదని తెలుసు.

దిగదలచినవారు అయిదారు సాధారణ పేర్లకు మించకుండా, ఏడాది రుసుము చేతిలో పెట్టుకొని దిగాలి. కొన్న పేరును ఖాళీగా ఉంచకుండా, అందులో కనిగిరి పొగాకు ధరలో బత్తాయి ధరలో రోజూ ప్రచురిస్తే విలేకరి పనితనానికి ఆదరణ ఉండవచ్చు. మండల విలేకరికి గ్రాట్యుటీ ఉండదు. పెట్టుబడిగా కదిలేది తరచు ఇంట్లోని బంగారమే. ప్రస్తుతానికి పేర్లు అమ్మజూపేవారు పెరుగుతున్నారు. కొనేవారు పలచనగా ఉన్నారు.