ఆర్కిడ్లు ఎక్కడికి పోవాలి?

పోడు పట్టాల గొడవే తెగలేదు, మధ్యలో ఈ పూల గోలేంటి అంటారేమో. ఈ పూలు కూడా ఆ గొడవలోవే, చదవండి.

వేసవిలో పాత మామిడి, మద్ది కొమ్మల మీద వేళ్లు గాల్లోకి వేలాడేసి పూసే మొక్కల్ని మీలో చాలామంది చూసే ఉంటారు. వాండా, సింబిడియం లాంటి ఆర్కిడ్లు అవి. కొందరు బదనిక అనుకుంటారు గానీ కాదు. బదనిక చెట్టు రసం తాగుతుంది. ఆర్కిడ్ చెట్టు మీద కూచుంటుంది, అంతే. దానికి నీళ్లు గాల్లోంచే రావాలి: పొగమంచు, వాన, బెరడు మీద కారే తడి. విత్తనం దుమ్మంత సన్నం. లోపల తిండి నిల్వ ఉండదు, తగిన శిలీంధ్రం తోడైతేనే మొలుస్తుంది. ఆ శిలీంధ్రానికీ తడే కావాలి.

కొండెక్కుతుంటే ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. అంటే వాతావరణం 1 డిగ్రీ వేడెక్కితే, పాత చల్లదనం కోసం మొక్క 160 మీటర్లు పైకి జరగాలి. హిమాలయాల్లో అయితే పైన చోటుంది. మన తూర్పు కనుమల్లో ఎత్తైన కొండ కూడా 1,700 మీటర్లు దాటదు. శిఖరం దగ్గర బతికేవి ఇంకెక్కడికి పోవాలి? పైన చల్లదనం ఉన్నా చాలదు. బెరడు ముదిరిన చెట్టుండాలి, శిలీంధ్రం ఉండాలి, పుప్పొడి మోసే పురుగు ఉండాలి.

పురుగు సంగతి చిన్నది కాదు. ఇంగ్లండ్‌లో ఒక ఆర్కిడ్ ఆడ తేనెటీగ వాసన వెదజల్లి మగదాన్ని మోసం చేసి పుప్పొడి మోయిస్తుంది. ఆడవి బయటికి రాకముందు మగవి తిరిగే కొన్ని రోజులే దానికి అదను. పాత నమూనాలన్నీ తిరగేసి 2014లో శాస్త్రవేత్తలు తేల్చింది ఏంటంటే, వసంతం 1 డిగ్రీ వేడెక్కితే పువ్వు సుమారు 6 రోజులు ముందు పూస్తుంది, ఆడ తేనెటీగ 15 రోజులు ముందే వచ్చేస్తుంది. నిజమైనది ఎదురుగా ఉంటే పువ్వు దగ్గరికి ఎవడొస్తాడు? వాళ్లు మ్యూజియం బీరువాల్లో వెతికారు. మన దగ్గర ఏ పువ్వు ఏ నెలలో పూసేదో చెప్పగలిగేది మన ముసలోళ్లే.

ఇక అసలు విషయం. అడవి తగ్గిందనగానే వేలు పోడు వైపు చూపిస్తారు. మరి వేడిని ఆపే కరెంటు పేరు చెప్పి అల్లూరి జిల్లా కొండల్లో పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు ప్రతిపాదించింది ఎవరు? కాఫీకి నీడ అంటూ ఊరి చెట్లకు బదులు సిల్వర్ ఓక్ నాటించింది ఎవరు? రేపు పూల రక్షణ పేరుతో మనల్నే బయటికి పొమ్మన్నా ఆశ్చర్యం లేదు.

అందుకే ఇప్పుడే కదలండి. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడే హక్కు, అధికారం గ్రామసభకే ఇచ్చింది. ఆ క్లెయిమ్ మీ ఊరు వేసిందా, అడగండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. అందులో ఆర్కిడ్లు ఎక్కించండి: కువిలోనో కోయలోనో పేరేంటి, ఏ చెట్టు మీద, ఏ నెలలో పూత, పదేళ్ల కింద ఎక్కడిదాకా ఉండేది. అవ్వల్ని, తాతల్ని కూచోబెట్టి రాయండి.

ఇంకో మాట. పువ్వు ఫొటో పెట్టండి, కానీ చోటు పేరు, లొకేషన్ మాత్రం పెట్టొద్దు. పీక్కెళ్లి అమ్ముకునేవాళ్లు కూడా ఈ పేజీలే చూస్తారు.