పాత గైడు ఎవరి చేతికి వస్తుంది?

మొదటిసారి యూజీసీ నెట్ రాసినప్పుడు నా దగ్గరున్నది కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత గైడు. అందులో మూడు పేపర్లు. పరీక్షేమో 2018 జూలై నుంచే రెండు పేపర్లకు మారింది. 2019 జూన్ నుంచి పేపర్-1 సిలబస్ కూడా మారి ప్రత్యక్షం, అనుమానం వంటి ప్రమాణాలు వచ్చి చేరాయి. నా గైడులో ఆ ఊసే లేదు.

అలాగని పాత టెస్టులు పనికిరావని కాదు. పేరా చదివి జవాబివ్వడం, పట్టిక చూసి లెక్క కట్టడం వాటితోనూ అలవాటవుతాయి. మూడు గంటల్లో 150 ప్రశ్నలు చేసే వేగానికి మాత్రం ఇప్పటి పేపర్లే కావాలి.

సిలబస్ మారిందని ఫీజు కట్టినవాడికి కోచింగ్‌లో మొదటి రోజే తెలుస్తుంది. ఇంట్లో మొదటిసారి నెట్ రాసేవాళ్లకు హాల్లోనే తెలుస్తుంది. ఈ తేడాకే తర్వాత 'మెరిట్' అని పేరు పెడతారు. 2024 నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకూ నెట్ స్కోరు లెక్కలోకి వచ్చింది కనుక ఈ నష్టం ఇంకా పెద్దది.

యూనివర్సిటీల ఎస్సీ, ఎస్టీ సెల్‌లు కొత్త పేపర్లను హాస్టల్ రీడింగ్ రూముల్లో ఉంచాలి. మనమూ జూనియర్లకు గైడు ఇచ్చేటప్పుడు అది ఏ ఏడాదిదో, ఏం మారిందో మొదటి పేజీలో రాసిద్దాం.