బంతి దగ్గర్లో పడితే తప్పు పిల్లాడిదేనా?

గోల్ఫ్ గురించి నేను రాస్తానని కలలో కూడా అనుకోలేదు. బీఏలో ప్రబంధాలు చదువుకున్నదాన్ని. ఆ క్లబ్బుల పేర్లు గుర్తుపెట్టుకోవడానికే నాకు రెండేళ్లు పట్టింది. కానీ ఈ ఏప్రిల్లో మా ఇంట్లో జరిగిన గొడవకు మూలం ఆ ఆటే కాబట్టి రాయక తప్పడం లేదు.

మేముండేది మిషిగన్‌లో. ఇక్కడ హైస్కూలు మగపిల్లల గోల్ఫ్ వసంతకాలంలో ఆడతారు. వసంతం అని పేరే గానీ, మన ఊళ్లో పుష్యమాసపు చలి దాని ముందు ఏ మూలకీ రాదు. పదకొండో క్లాసు చదివే మావాడు కిందటి వేసవంతా సెవెన్ ఐరన్‌తో 150 గజాలు కొట్టేవాడు. ఏప్రిల్లో అదే క్లబ్‌తో అలాగే కొడితే బంతి 140 దగ్గరే పడిపోతోంది. పడితే ఇసుక గుంటలో, లేదంటే నీళ్లలో.

మావారు పక్కన నిలబడి, "ఒరేయ్, ఒంట్లో బలం లేదా? చలికాలమంతా ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఇలాగే ఉంటుంది" అని మొదలుపెట్టారు. వాడికి పౌరుషం వచ్చి ఇంకా గట్టిగా ఊపాడు. గట్టిగా ఊపేకొద్దీ బంతి పక్కకు పోవడం మొదలైంది. మూడో వారానికి నడుం పట్టేసింది. ఓ రాత్రి నేను గిన్నెలు సర్దుతుంటే వచ్చి, "అమ్మా, నేను టీమ్ మానేస్తా. నాన్నకి నువ్వు చెప్పవా?" అన్నాడు. నాకు నడుం నొప్పి కన్నా ఆ మాటే ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు ప్రాక్టీసుకి దింపడానికి వెళ్లి, ఉండబట్టలేక కోచ్‌ని అడిగేశాను. ఆయన నవ్వేసి, "ఈ చలిలో అంతే. సిక్స్ ఐరన్ తీసుకోమనండి" అన్నారు. అంతే! నెల రోజుల రామాయణానికి సమాధానం ఒక్క ముక్క.

ఇంటికొచ్చి కూర్చుని చదివాను. 85 డిగ్రీల ఫారన్‌హీట్ వేసవి గాలి కన్నా 45 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం చిక్కగా ఉంటుందట. అంత చిక్కటి గాలిని చీల్చుకుని పోవాలంటే బంతి వేగం త్వరగా తగ్గిపోతుంది. పైగా బంతి లోపల ఉండేది రబ్బరు. చల్లబడితే బిగుసుకుని, అంత చురుగ్గా ఎగరదు. ఇక మనిషి సంగతి చెప్పక్కర్లేదు. రెండు స్వెట్టర్లు వేసుకుని, కొంకర్లు పోయిన వేళ్లతో భుజం పూర్తిగా ఎలా తిరుగుతుంది? ఒక్క గాలి లెక్కే తీసుకున్నా, డ్రైవర్‌తో కొట్టే దూరపు దెబ్బకు ప్రతి 10 డిగ్రీలకు 2 గజాలు అటూఇటూగా తగ్గుతుందని గోల్ఫర్ల అంచనా. బంతి, ఒళ్లు కూడా కలిస్తే ఒక క్లబ్ తేడా రావడంలో వింతేముంది? ఐరన్ నంబర్ ఒకటి తగ్గితే బంతి సుమారు 10 గజాలు ఎక్కువ వెళ్తుంది. లెక్క సరిపోయింది.

బంతుల్ని రాత్రంతా కారు డిక్కీలో వదిలేయకుండా ఇంట్లోకి తెచ్చుకోవడం కూడా మంచిదేనట. అలాగని ఆటలో బంతిని కావాలని వేడిచేసి కొట్టకూడదు, అది నియమాలకు విరుద్ధం.

ఆ రాత్రి మావారితో అన్నాను. "ఏమండీ, చలికాలంలో ఇడ్లీపిండి పొంగకపోతే నేను పిండిని తిడతానా? ఓవెన్‌లో పెట్టి లైటు వేసి వదిలేస్తాను. ఇంకో నాలుగు గంటలు ఎక్కువ ఆగుతాను. పిండి అదే, మినప్పప్పు అదే, మారింది కాలం." ఆయన ఊరుకోలేదు. "అలా ప్రతిదానికీ వాతావరణం వంక చెబితే పిల్లలు కష్టపడటం ఎప్పుడు నేర్చుకుంటారు?" అన్నారు.

ఆయన మాటలోనూ నిజం ఉంది. వంకలు చెప్పే పిల్లలు లేకపోలేదు. కానీ వంకకీ కారణానికీ తేడా ఉంది కదండీ. వంక చెప్పేవాడు ప్రయత్నం మానేస్తాడు. కారణం తెలిసినవాడు క్లబ్ మార్చి మళ్లీ కొడతాడు. మావాడు కష్టపడక ఓడిపోలేదు, తప్పు చోట కష్టపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. సంచిలో 14 క్లబ్బులు పెట్టుకోనిస్తారు. ఒక్కటే అన్ని కాలాలకూ సరిపోతే అన్నెందుకు?

మన ఇళ్లల్లో ఇది గోల్ఫ్‌తో ఆగే విషయం కాదు. మార్కులు తగ్గినా, తిండి తగ్గినా, మాట తగ్గినా ముందు "నీలో లోపం" అంటాం. బయట చలిగా ఉందేమో అని చూడం. పెద్ద క్లబ్ తీసుకోవడం చిన్నతనమనే పట్టింపు పిల్లలకు పుట్టుకతో రాదు, మన నుంచే వస్తుంది.

మొన్న శనివారం పొద్దున మళ్లీ చలి. మావారు ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి సిక్స్ ఐరన్ తీసి వాడి చేతికిచ్చారు. బంతి గ్రీన్ మీద పడిందా అంటారా? పడలేదు, కాస్త అవతలికి పోయింది. వాడు మాత్రం నవ్వుతున్నాడు.