కాలవ గట్టున ఈతరాని పిల్లలు

బెజవాడని మూడు కాలవలు కోసుకుంటూ పోతాయి. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. పక్కనే కృష్ణ. నీళ్ల ఒడ్డున పుట్టి, నీళ్ల మీద బతికి, నీళ్లని చూస్తే వణికే జనం మనం. మీ ఇంట్లో పదేళ్ల పిల్లకి ఈత వచ్చా? పోనీ, మీకొచ్చా?

రాదు. ఈతగాడికి దండ వెయ్యడం మాత్రం వచ్చు.

విజయవాడ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్ మోతుకూరి తులసీ చైతన్య శ్రీలంకకీ మనకీ మధ్యనున్న పాక్ జలసంధిని ఈదాడు. సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల 2021 మార్చిలో అదే జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో దాటింది. అప్పటికామెకి 47 ఏళ్లు, నడివయసులో మొదలుపెట్టిన ఈత. ఇలాంటి ఈతలో తిండి పడవ మీంచి అందిస్తే నీళ్లలో తేలుతూనే తినాలి. ఒళ్లు విరిగిపోతున్నా సరే, ఆసరాకి పడవని పట్టుకుంటే ఈత చెల్లదు. అంతటి విద్య సంపాదించి వచ్చినవాళ్లకి మనం ఏం చేశాం? శాలువా కప్పాం, ఫొటో దిగాం, పేపర్లో మన మొహం పడిందో లేదో చూసుకున్నాం. ఆ విద్యలో పిసరంతైనా మన పిల్లలకి పంచమని ఒక్కడైనా అడిగాడా? పతకం మెడలో పడ్డాక ఈతగాడితో మనకి పని అయిపోతుంది. ఇది గౌరవం కాదు, దొంగతనం. వాడి కీర్తిని వాడుకుని, వాడి చదువుని నీళ్లలో వదిలేస్తున్నాం.

నేను ఏడో తరగతిలో ఉండగా మా ఊరి కాలవలో నా పక్క బెంచీవాడు పోయాడు. రేవు మెట్టు మీద వాడి చొక్కా మడతపెట్టి ఉంది. జేబులో నేరేడు పళ్లు నలిగి, గుడ్డకి ఊదా మరక. మర్నాడు బడికి సెలవిచ్చారు. ఆ తర్వాతి రోజు మాస్టారు బెత్తం బల్లమీద కొట్టి, "కాలవకెళ్తే తోలు తీస్తా" అన్నారు. మా బడి మాకు నేర్పిన ఈత అంతే.

మా తాతల కాలంలో జీలుగు బెండ్లు వీపుకి కట్టి కాలవలో దింపేవారు. రోజుకో బెండు తగ్గించేవారు, ఆఖరి బెండు ఊడేసరికి ఈత వచ్చేది. ఇప్పుడు ఈత అంటే ఫీజు, టోపీ, కళ్లద్దాలు, స్విమ్మింగ్ పూల్. డబ్బున్నవాడి పిల్లకి కోచింగు, కూలివాడి పిల్లకి 'ఇచ్చట ఈత నిషేధం' అని బోర్డు.

బోర్డు ఎవరినీ ఒడ్డుకి లాగదు.

నేను కాలవ దగ్గరికే వెళ్లను, నాకెందుకు ఈత అంటారా? 2017 నవంబర్ 12న, కార్తీక మాసంలో, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. వాళ్లూ ఈతకి వెళ్లలేదు, సరదాగా పడవెక్కారు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. అటు బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్‌ని ముంచింది. మీరు వెళ్లకపోతే నీళ్లే మీ గుమ్మం ఎక్కుతాయి.

నెదర్లాండ్స్ కూడా మనలాంటి డెల్టాయే. అక్కడ పిల్లలు ఈత డిప్లొమా తెచ్చుకోవాలంటే బట్టలూ బూట్లూ వేసుకుని ఈది చూపించాలి. కాలవలో పడేవాడు చొక్కా విప్పుకుని పడడని వాళ్లకి తెలుసు. మనకి తెలియదా? తెలుసు. పట్టదు. వేసవి సెలవుల్లో కాలవలు కట్టేస్తారు, నీళ్లొచ్చే వేళకి బడులు తెరుస్తారు. మరి ఊరి చెరువు ఏమైంది? అక్కడ నడుంలోతు నీళ్లలో, తాడు కట్టి, ఈత తెలిసిన మనిషిని నిలబెట్టి నేర్పడానికి ఎన్ని కోట్లు కావాలి? గజ ఈతగాళ్లని శవం తియ్యడానికి పిలుస్తారు. నేర్పడానికి ఎందుకు పిలవరు? సముద్రం ఈదిన మనిషిని సన్మానానికి పిలిచే కలెక్టర్లూ ఎమ్మెల్యేలూ జవాబు చెప్పాలి. వాళ్లని నిలదియ్యని మీరూ చెప్పాలి.

ఏటా డెల్టాకి నీళ్లొదిలేటప్పుడు నాయకులు గట్టు మీద నిలబడి హారతి పడతారు, పసుపూ కుంకుమా పూలూ చల్లుతారు. ఈసారి ఆ గట్టు మీద, ఆ గుంపులో, పిల్లలకి ఈత నేర్పడానికి జీతమిచ్చి పెట్టిన ఒక్క మనిషిని నాకు చూపించండి.