ఖైదీ అంటే ఎవరు?

మన వాడ కుర్రోణ్ణి పోలీసులు పట్టుకెళ్తే సాయంత్రానికల్లా రచ్చబండ మీద వాడు ‘దొంగ’. రిమాండు పడితే ‘ఖైదీ’. అదే ఆసామి జైలుకెళ్తే ‘అయ్యగారు లోపలున్నారంట’! ఏం భాషండీ ఇది?

ఖైదు అంటే నిర్బంధం. ఖైదీ అంటే నిర్బంధంలో ఉన్న మనిషి, అంతే. నేరం రుజువైనోడని అర్థం కాదు. 2022 చివర దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది శిక్ష పడని విచారణ ఖైదీలే. బెయిలొచ్చినా పూచీకత్తు ఇచ్చే దిక్కులేక లోపలే ఉండిపోయినోళ్లు మనకి తెలీదా? జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమని సుప్రీంకోర్టు 2024లో గానీ చెప్పలేదు.

మన కరపత్రాల్లో మేమూ ‘నేరస్తులు’ అని రాశాం. తప్పే. ఇకమీదట ‘విచారణ ఖైదీ’ అనే రాస్తాం. కార్యకర్తలారా, వాయిదాకెళ్లే తల్లికి తోడుగా ఒక్కరైనా వెళ్లండి.