కడుపు నిండితే సరిపోతుందా? చైనా, వియత్నాం రైతులు చెప్పే పాఠం

దాళ్వా కోతలయ్యాక ఒక సాయంత్రం మా ఊరి రావిచెట్టు అరుగు మీద కూర్చున్నాం. ధాన్యం డబ్బులు ఇంకా ఖాతాలో పడలేదని ఒకరు, గోనెసంచుల కోసం నాలుగుసార్లు తిప్పారని ఇంకొకరు మొదలుపెట్టారు. పక్కన సెల్‌ఫోన్ చూసుకుంటున్న మా మేనల్లుడు తలెత్తి, "మావయ్యా, మీరెన్ని ధర్నాలు చేసినా ఇంతే. ఈ దేశానికి చైనా లాంటి ప్రభుత్వం కావాలి. పైనుంచి ఒక్కడు చెప్తే కిందవాళ్ళంతా నోరెత్తకుండా చెయ్యాలి. వియత్నాం చూడు, యుద్ధంలో బూడిదైన దేశం ఇవాళ ఎక్కడుందో!" అన్నాడు.

అక్కడున్న కుర్రాళ్ళంతా ఔనన్నారు. పెద్దవాళ్ళలోనూ ఇద్దరు తలూపారు. నాకు వాడి మీద కోపం రాలేదు. మిల్లు ముందు ట్రాక్టరు పెట్టుకుని మూడు రోజులు పడిగాపులు కాసినవాడు. ఆ విసుగులోంచి వచ్చిన మాట అది. ఇలాంటి మాట ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తోంది. దానికి జవాబు చెప్పాల్సిన పని మన సంఘం మీద ఉంది. నేను పదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఆ దేశాలు చూడలేదు. చదివి తెలుసుకున్నది రైతు కంటితో చెబుతాను.

ముందు వాళ్ళు సాధించింది ఒప్పుకుందాం. నలభై ఏళ్ళలో చైనాలో దాదాపు 80 కోట్ల మంది కటిక పేదరికం నుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకే చెబుతోంది. వియత్నాంలో 1990ల మొదట్లో సగానికి పైగా జనం పేదలు. ఇప్పుడు నూటికి ఐదుగురు కూడా లేరు. తలసరి ఆదాయం చైనాలో ఏటా 13 వేల డాలర్ల దగ్గర, వియత్నాంలో నాలుగున్నర వేల డాలర్ల పైన ఉంది. మనది మూడు వేలు కూడా దాటలేదు. సగటు ఆయుష్షు చైనాలో 78 ఏళ్ళు, వియత్నాంలో 74 పైన, మన దగ్గర 72.

పంట సంగతీ అంతే. ఎకరానికి వడ్లు 75 కిలోల బస్తాల్లో లెక్కేస్తే చైనా సగటు 38, వియత్నాం 32, మన దేశం సగటు 22, 23. మన డెల్టాలో దాళ్వాకి 40 దాటించేవాళ్ళు ఉన్నారు గానీ, దేశం మొత్తం చూస్తే ఇదీ పరిస్థితి. కాఫీలో బ్రెజిల్ తర్వాత వియత్నామే. మిరియాల్లో అదే మొదటిది. మన చెరువుల్లో పెంచే ఫంగేసియస్ చేపకి ప్రపంచ మార్కెట్లో పెద్ద ఎగుమతిదారు కూడా అదే. రొయ్యల్లో మన ఆక్వా రైతుకి గట్టి పోటీ.

ఇదంతా నిజం. అయితే ఇది పైనుంచి వచ్చిన హుకుం వల్ల జరిగిందా? అసలు కథ ఇక్కడే ఉంది.

చైనాలో 1958లో ఊళ్ళకి ఊళ్ళనే కమ్యూన్లుగా మార్చారు. పొలం, పశువులు, పనిముట్లు, చివరికి వంట కూడా ఉమ్మడి. ఎప్పుడు నాటాలో, ఎంత దగ్గరగా నాటాలో పైనుంచే ఆదేశాలు. పై అధికారిని మెప్పించడానికి కింది అధికారి పండని పంటని కాగితం మీద పండించాడు. ఆ దొంగ లెక్క ప్రకారం లెవీ గుంజుకుపోయారు. 1959 నుంచి 1961 దాకా కరువు. కోటిన్నర మంది పోయారని కొందరు, నాలుగున్నర కోట్లని కొందరు అంచనా వేశారు. 1959లో కూడా ఆ దేశం నుంచి ధాన్యం ఎగుమతి అయింది. "ఊళ్ళో తిండి లేదు" అని రాసే పత్రిక లేదు. చెప్పిన అధికారి ఉద్యోగంలో ఉండలేదు. స్వేచ్ఛగా రాసే పత్రికలు, ఓట్లు ఉన్న దేశంలో అలాంటి మహా కరువు రాదని అమర్త్య సేన్ గారు చెప్పింది ఈ అనుభవం చూసే. మనకి 1943లో బెంగాల్ కరువు వచ్చింది తెల్లవాళ్ళ పాలనలో. స్వాతంత్ర్యం తర్వాత అంతటిది రాలేదు. అదే సేన్ గారు, చదువులోనూ వైద్యంలోనూ చైనా మనకన్నా ముందు మేలుకుందని కూడా చెప్పారు. రెండూ గుర్తుంచుకోవాలి.

1978 డిసెంబరులో అన్హుయి రాష్ట్రంలోని షియావ్‌గాంగ్ అనే చిన్న ఊళ్ళో 18 మంది రైతులు రాత్రిపూట దొంగతనంగా కలుసుకున్నారు. ఉమ్మడి పొలాన్ని ఇంటింటికీ పంచుకుని ఎవరి చెక్క వాళ్ళు చేసుకుందాం, సర్కారు వాటా కట్టేసి మిగిలింది తిందాం అని కాగితం రాసుకుని వేలిముద్రలు వేశారు. దొరికితే జైలు. అందుకే ఆ కాగితంలోనే, ఎవరైనా జైలుకి పోతే వాళ్ళ పిల్లల్ని పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా మిగతావాళ్ళు సాకాలని కూడా రాసుకున్నారు. మరుసటేడు పంట ఇరగబడి పండింది. పైనున్నవాళ్ళు అదే పద్ధతిని దేశమంతా ఒప్పుకోక తప్పలేదు. 1978లో 30 కోట్ల టన్నులున్న తిండిగింజల దిగుబడి 1984కి 40 కోట్ల టన్నులు దాటింది.

వియత్నాంలోనూ ఇదే జరిగింది. విన్‌ఫుక్ రాష్ట్రంలో కిమ్ ఙొక్ అనే పార్టీ కార్యదర్శి 1966లోనే పొలాన్ని కుటుంబాలకి అప్పగించి చూశాడు. పంట పెరిగింది. అయినా 1968లో ఆయన చేత తప్పు చేశానని ఒప్పించారు. ఇరవై ఏళ్ళ తర్వాత, జనం ఆకలితో అల్లాడాక, 1988లో అదే పద్ధతిని పార్టీ పదో తీర్మానం పేరుతో తెచ్చింది. బియ్యం దిగుమతి చేసుకుంటున్న దేశం 1989 కల్లా 14 లక్షల టన్నుల దాకా ఎగుమతి చేసింది. అప్పటికి కిమ్ ఙొక్ చనిపోయి పదేళ్ళు.

రెండు దేశాల్లోనూ పంట పెరిగింది హుకుం వల్ల కాదు, హుకుం సడలినప్పుడు. ఏమి చెయ్యాలో రైతుకి ముందే తెలుసు. చెప్పే దారి లేక ఒకచోట ఇరవై ఏళ్ళు, ఇంకోచోట కోట్ల ప్రాణాలు పోయాయి.

ఇక ఇప్పటి బతుకు. చైనాలో 1958 నుంచి హుకోవు అనే పద్ధతి ఉంది. పల్లెలో పుట్టినవాడి పేరు పల్లె చిట్టాలోనే ఉంటుంది. పట్నంలో పదేళ్ళు మేస్త్రీ పని చేసినా అక్కడి బడి, ఆసుపత్రి, పింఛను అతనికి పూర్తిగా దక్కవు. ఇప్పుడు కొంత సడలించారు గానీ పెద్ద పట్నాల్లో ఆ గోడ ఉంది. వలస కూలీలు దాదాపు 30 కోట్లు. కోట్ల మంది పిల్లలు తాత, నాయనమ్మల దగ్గర పల్లెల్లో పెరిగారు. వియత్నాంలోనూ ఇలాంటి కుటుంబ చిట్టా ఉంది. కాకపోతే పట్టు అంత బిగువు కాదు. 2023లో కాగితం పుస్తకం ఎత్తేశారు. దేశం చైనా కన్నా పేదది, కానీ ఈ విషయంలో పల్లెజనానికి కాస్త ఊపిరాడుతుంది.

ముసలితనం చూడండి. చైనా పల్లెల్లో అరవై దాటినవాళ్ళకి వచ్చే పింఛను సగటున నెలకి 200 యువాన్ల పైచిలుకు, మన డబ్బులో రెండున్నర వేలు. పట్నంలో ఫ్యాక్టరీ నుంచి రిటైరైనవాళ్ళకి మూడు వేల యువాన్లు దాటుతుంది. వియత్నాంలో ఏ పింఛనూ లేని 75 ఏళ్ళవాళ్ళకి 2025 నుంచి నెలకి 5 లక్షల డాంగులు ఇస్తున్నారు, మన లెక్కలో దాదాపు 1,700 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000. తెలంగాణలో 2,016, దాన్ని పెంచాలని జనం అడుగుతూనే ఉన్నారు. తలసరిలో మనకి నాలుగైదు రెట్లున్న దేశంలో పల్లె ముసలివాళ్ళకి ఆంధ్రప్రదేశ్ కన్నా తక్కువ ఎందుకు? మన ఊరి అవ్వకి ఓటుంది. ఆమె గుమ్మం ముందుకి అందరూ రావాలి. అక్కడి అవ్వ గుమ్మం ముందుకి ఎవరూ రానక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్దది భూమి. చైనాలో పల్లె భూమి ఊరి ఉమ్మడిది. రైతుకి 30 ఏళ్ళ ఒప్పందం మీద సాగు హక్కు. వియత్నాంలో 1993 చట్టం సాగు హక్కుని తనఖా పెట్టుకోవడానికి, బదలాయించుకోవడానికి, వారసులకి ఇవ్వడానికి వీలిచ్చింది. 2013లో గడువు 20 నుంచి 50 ఏళ్ళు చేశారు. కాగితం మీద వియత్నాం రైతే నయం. కానీ సర్కారు కన్ను పడినప్పుడు ఇద్దరిదీ ఒకటే గతి.

చైనాలో వుకాన్ ఊరి జనం తమ భూముల్ని అధికారులు అమ్ముకున్నారని 2011లో తిరగబడ్డారు. అధికారుల్ని ఊళ్ళోంచి తరిమారు. వాళ్ళ తరఫున మాట్లాడటానికి ఎన్నుకున్న ఒకాయన పోలీసుల చేతిలో ఉండగా చనిపోయాడు. 2012లో ఎన్నిక పెట్టనిచ్చారు. ఉద్యమ నాయకుణ్ణే ఊరు ఎన్నుకుంది. 2016లో లంచం కేసు పెట్టి ఆయన్ని జైలుకి పంపారు.

వియత్నాంలో హైఫాంగ్ దగ్గర సముద్రపు ఒడ్డున గట్లు కట్టి చెరువులు చేసుకున్న ఆక్వా రైతు ఒకాయన కుటుంబంవాళ్ళు 2012 జనవరిలో ఖాళీ చెయ్యమని వచ్చిన పోలీసుల మీద నాటు తుపాకి పేల్చారు. ఖాళీ చేయించడమే చట్టవిరుద్ధమని ఆ దేశ ప్రధానే చెప్పాడు. అయినా రైతుకి ఐదేళ్ళ జైలు. 2020 జనవరిలో హనోయి దగ్గర డోంగ్ తామ్ ఊరి మీదికి తెల్లవారుజామున వేల మంది పోలీసులు వచ్చారు. భూమి కోసం ఊరిని నడిపించిన 84 ఏళ్ళ పెద్దాయన తన ఇంట్లోనే హతమయ్యాడు. ముగ్గురు పోలీసులూ చనిపోయారు. ఆ పెద్దాయన కొడుకులిద్దరికి మరణశిక్ష వేశారు.

తుపాకి పట్టడాన్ని నేను సమర్థించను. కానీ వినతిపత్రం ఇచ్చినా వినేవాడు లేక, పత్రిక రాయక, కోర్టు పార్టీ చెప్పుచేతల్లో ఉంటే రైతు ఎక్కడికి పోవాలి? వియత్నాంలో రైతు సంఘం లేదా అంటే ఉంది, పార్టీ కింద. చైనాలో స్వతంత్ర సంఘం పెడితే జైలే. పత్రికా స్వేచ్ఛలో 180 దేశాల పట్టికలో రెండూ 170 దాటే ఉన్నాయి.

మరి మనం? గొప్పలు చెప్పుకునే స్థితిలో లేం. మన దేశంలో వ్యవసాయంలో ఉన్నవాళ్ళు ఏటా పది వేల మందికి పైగా ఆత్మహత్య చేసుకుంటున్నారని ప్రభుత్వ లెక్కే చెబుతోంది. పత్రికా స్వేచ్ఛలో మనమూ 150 దాటిపోయాం. కౌలు రైతుకి ఇప్పటికీ బ్యాంకు గుమ్మం ఎక్కడం కష్టం. కానీ ఆ లెక్క ప్రభుత్వమే అచ్చేస్తోంది, మనం దాన్ని చేత్తో పట్టుకుని నిలదీస్తున్నాం. మూడు సాగు చట్టాల మీద రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చుంటే 2021 నవంబరులో వెనక్కి తీసుకోక తప్పలేదు.

మా ఊరి సంగతి కూడా చెబుతాను. బైపాస్ రోడ్డుకి సర్వే రాళ్ళు పాతినప్పుడు నా అరెకరం అందులో పోయింది. రోడ్డు ఆపలేకపోయాం. కానీ సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ప్లాను కాగితాలు తీసుకున్నాం. పంట కాలువ దగ్గర తూము లేకుండా గీశారని అప్పుడు తెలిసింది. అభ్యంతరం రాసిచ్చాం, గ్రామసభలో పట్టుబట్టాం, రెండుసార్లు రోడ్డు మీద కూర్చున్నాం. చివరికి తూములు పెట్టారు. ఆ రోడ్డుకి అవతలున్న చేలకి ఇవాళ నీళ్ళు పారుతున్నాయంటే అందువల్లే. మా మేనల్లుడు మొన్న కోసిన పంట ఆ నీళ్ళతో పండిందే. వాడికి ఈ మాటే చెప్పాను. కాసేపు ఊరుకుని, "మరి ధాన్యం డబ్బులు?" అన్నాడు. మంచి ప్రశ్న. మర్నాడు వాణ్ణే వెంటబెట్టుకుని మండలాఫీసుకి వెళ్ళి అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం.

చైనా నుంచి బడులు, ఆసుపత్రులు, విత్తన పరిశోధన నేర్చుకుందాం. వియత్నాం నుంచి ఎగుమతి నాణ్యత నేర్చుకుందాం. నోరు మూసుకోవడం మాత్రం నేర్చుకోనక్కర్లేదు. ఈసారి గ్రామసభకి మీ ఇంటి నుంచి ఒక్క కుర్రాణ్ణయినా తీసుకురండి. అడిగే హక్కు ఎలా ఉంటుందో వాడు కళ్ళారా చూడాలి.