కరువు నేల మీద కుక్కల వాన, పిల్లుల వాన

పుంగనూరులో ఇంటర్ చదివే ఒక పిల్ల స్పోకెన్ ఇంగ్లీషు నోట్సు తెరిచి చూశాను. మొదటి పేజీలోనే ‘ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’, అంటే కుండపోత వాన పడుతోందని. పదిసార్లు రాయించారు. బోరు ఎండిపోతే అమ్మా నాయనా బెంగుళూరుకు కూలికి పోయే ఇంటి పిల్ల అది.

కింద ఎర్ర సిరాతో మాస్టారి కథ: ఇంగ్లండులో పూరికప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ వానకు జారి పడేవట. శుద్ధ అబద్ధం. ఆ మాట ఎట్లా పుట్టిందో ఇంగ్లీషు పండితులకే తేలలేదు. పెద్దింటి మనుషులు నమిలి నమిలి అరగదీసిన మాటల్ని వెక్కిరిస్తూ జోనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చు వేయించిన సంభాషణల్లో మాత్రం అది ఉంది. అప్పటికే నవ్వులపాలైన సరుకు! స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్ల మాస్టార్లూ, దాన్నా మీరు ఫీజు గుంజి మా బిడ్డలకు అమ్ముతున్నది?

కోపం వస్తే రానివ్వండి. ఇంగ్లీషు వద్దంటున్నానని మాత్రం నా మీద పడకండి. కావాలి, అందుకే ఈ మంట. ఆ పిల్ల ఇంట్లో నాయన గుండె రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. బంగారం కుదవపెట్టిన కాగితం ఇంగ్లీషులో ఉంది. గడువు దాటితే నగ వేలం వేస్తామన్న వాక్యాన్ని ఆ పిల్ల చదివి అమ్మకు చెప్పగలదా? అట్లాంటి కాగితం ఒక్కటి బోర్డు మీద రాసి, వాక్యం వాక్యం విప్పి చెప్పారా ఎప్పుడైనా? చెప్పరు. అది చెప్పాలంటే మీకూ ఇంగ్లీషు రావాలి.

పుంగనూరుకు దగ్గర్లోని మదనపల్లెలో, బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ తన బెంగాలీ జనగణమనను తానే ఇంగ్లీషులోకి తెచ్చుకున్నాడు. ముందు సొంత భాషలో చెప్పవలసింది ఉంది కాబట్టి తెచ్చుకోగలిగాడు. ఇదే ఊళ్ళో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి దేశదేశాల్లో మాట్లాడింది సాదా ఇంగ్లీషు. ఆయన మాట వినడానికి తెల్లవాళ్ళు కదలకుండా కూర్చున్నారు.

ఇక కుప్పం. ఇటు తమిళనాడు, అటు కర్ణాటక. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసిన ఊరు. అక్కడ కూరగాయలమ్మే మనిషి తెలుగులో బేరం మొదలుపెట్టి, తమిళంలో తూకం తేల్చి, కన్నడంలో చిల్లర చేతిలో పెడుతుంది. ఆమె కూతురికి నాలుక తిరగదని వెనక బెంచీలో కూర్చోబెట్టేవాడికి సిగ్గుండాలి.

తల్లిదండ్రులారా, మిమ్మల్నీ వదలను. బిడ్డ ‘పదునైంది, దుక్కి దున్నాల’ అంటే మోటు మాటని నోరు మూయిస్తారు. కుక్కలూ పిల్లులూ అని ఇంగ్లీషులో అంటే చుట్టాల ముందు మళ్ళీ అనిపించి మురిసిపోతారు. రేపు ఆ సెంటరుకు పోండి. ఆ కుదవ కాగితం మాస్టారి ముందు పెట్టి, ఇది నేర్పండి సార్ అనండి. చేతకాదంటే కట్టిన ఫీజు వెనక్కి పుచ్చుకొని రండి.